కోత బల్ల మార్చే ముందు

మా షెడ్డు రేకుల గోడకు నడుమెత్తున ఒక సొట్ట ఉంది. అరచెయ్యంత మామిడి చెక్క చేసిన సొట్ట అది. పూతలపట్టు దగ్గర మా ఇంటి వెనక నాలుగు రేకులు కప్పుకుని, తీరిక దొరికినప్పుడల్లా పీటలు, అరలు, పిల్లలకు బొమ్మల బండ్లు చేసుకునే చోటు అది. ఆ రోజు ఒక పలక కోస్తున్నాను. కోత సగంలో ఉండగా కరెంటు పోయింది, మిషను ఆగింది. పలకను అట్లే బల్ల మీద వదిలి, మీటరు చూద్దామని నాలుగడుగులు పక్కకు వేశానో లేదో కరెంటు వచ్చింది. మిషను దానంతటదే తిరిగింది. ఇరుక్కున్న పలకను కొస దగ్గర చీల్చి, ఆ ముక్కను అంతకుముందు నేను నిలబడి ఉన్న చోటు మీదుగా గోడకేసి కొట్టింది.

మా ఇంటికి వాకిళ్ళు చేసిన ఆచారి ఆ సొట్ట చూసి ఒకటే మాట అన్నాడు: “అది చేత్తో పట్టుకునేదానికి చేసిన మిషను సామీ. బల్ల కింద కట్టేదానికి కాదు.”

ఆయన చెప్పింది కట్టర్ బల్ల గురించి. మన పల్లెల్లో, చిన్న ఊళ్ళలో ఇంట్లో చెక్కపని చేసుకునేవాళ్ళు చాలామంది దగ్గర ఉండేది ఇదే. నాలుగు అంగుళాల కట్టర్‌ను ప్లైవుడ్ బల్ల కింద తలకిందులుగా బిగిస్తారు. గాడిలోంచి బ్లేడు పైకి వస్తుంది. ట్రిగ్గరు ఎప్పుడూ నొక్కి ఉండేలా వైరో తాడో చుట్టి, గోడ స్విచ్చితో నడుపుతారు. బ్లేడు మీది మూత అడ్డమని తీసేస్తారు. ఇది చవక, 19 మిల్లీమీటర్ల ప్లై దాకా కోస్తుంది కూడా. నేనూ ఏళ్ళ తరబడి దాంతోనే చేశాను. ఇప్పుడు దాన్ని తీసేసి సరైన టేబుల్ సా కొనాలనుకునేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎన్ని హెచ్‌పీ, ఎన్ని అంగుళాల బ్లేడు అని. ఆ రెండూ తరవాత చూసుకోవచ్చు. కట్టర్ బల్లకు ఏమేమి లేవో ముందు చూస్తే, కొత్తదాంట్లో ఏం వెతకాలో తెలుస్తుంది.

మొదట స్విచ్చి. బోరు ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళకు దీన్ని చెప్పడం తేలిక. బోరు మోటారు స్టార్టరులో పచ్చ బటను నొక్కితే లోపల కాయిలు పట్టుకుంటుంది, మోటారు తిరుగుతుంది. కరెంటు పోతే కాయిలు వదిలేస్తుంది. మళ్ళీ కరెంటు వచ్చినా మనం పోయి పచ్చ బటను నొక్కేదాకా మోటారు కదలదు. రాత్రిపూట చేనికి పోలేక రైతులు దానికి ఆటో పెట్టుకుంటారు, కరెంటు రాగానే అదే ఆన్ అవుతుంది. కట్టర్ బల్ల ఆటో పెట్టిన స్టార్టరు లాంటిది. నీళ్ళకు అది సౌకర్యం, బ్లేడుకు అది ప్రమాదం. మంచి టేబుల్ సాకు స్టార్టరు లాంటి స్విచ్చే ఉంటుంది, దాన్ని నో వోల్ట్ స్విచ్చి అంటారు. ఆపే ఎర్ర బటను పెద్దదిగా, ముందు వైపున, మోకాలితో కూడా నొక్కగలిగేట్టు ఉండాలి. రెండు చేతులూ చెక్క మీద ఉన్నప్పుడు ఆపాల్సి వస్తే మిగిలేది మోకాలే.

రెండోది బ్లేడు వెనక నిలబడే సన్నని ఉక్కు రేకు. రైవింగ్ నైఫ్ అంటారు. చాలామంది దాన్ని కోతకు అడ్డమని తీసి మూల పడేస్తారు. ఆ రేకు గురించి కొంచెం ఓపిగ్గా చెప్పాలి.

బల్ల మీద బ్లేడు మన వైపుకు తిరుగుతుంది. ముందున్న పళ్ళు పైనుంచి కిందికి దిగుతూ చెక్కను కోస్తాయి, దాన్ని బల్లకేసి అదిమి పెడతాయి. అక్కడిదాకా క్షేమమే. వెనకున్న పళ్ళు అట్ల కాదు, కిందినుంచి పైకి లేస్తాయి. కోత పూర్తయిన చెక్క ఆ వెనక పళ్ళకు తగిలిందంటే అవి దాన్ని పైకెత్తి, బ్లేడు నెత్తిమీదుగా మన వైపు విసురుతాయి. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 3,650 చుట్లు తిరిగితే, పంటి వేగం సెకనుకు 48 మీటర్లకు పైనే. గంటకు దాదాపు 175 కిలోమీటర్లు. ఆ వేగంతో వచ్చే చెక్కను చేత్తో ఆపుదామనుకోవడం కుదిరే పని కాదు. ఇంకా ఘోరం ఏమంటే, చెక్కతో పాటు దాన్ని పట్టుకున్న చెయ్యి కూడా బ్లేడు మీదికి లాక్కుపోతుంది.

చెక్క వెనక పళ్ళకు ఎందుకు తగులుతుంది? చెక్కను ఆనించి తోసే గైడు వంకరగా ఉన్నా తగులుతుంది, మన చెయ్యి పక్కకు జరిగినా తగులుతుంది. మన తప్పేమీ లేకపోయినా తగిలే సందర్భం ఒకటుంది, అది చెక్క లోపలి బిగువు. గాలికి ఒక పక్కకు వంగి పెరిగిన చెట్టు, సరిగా ఆరని పలక, కొమ్మ మొదలు దగ్గరి ముక్క – వీటిని నిలువునా చీలుస్తుంటే రెండు సగాలూ దగ్గరికి మూసుకుని బ్లేడును పట్టుకుంటాయి. కొన్ని పలకలు విచ్చుకుని పక్కకు పోతాయి. పాతకాలంలో దూలాలు కోసేవాళ్ళు కోత సందులో చెక్క చీలికను దిగ్గొట్టి రంపం ముందుకు పోనిచ్చేది ఇందుకే. రైవింగ్ నైఫ్ ఆ చీలికే, ఎప్పుడూ బ్లేడు వెనకే ఉంటుంది. బ్లేడు పైకి లేస్తే అదీ లేస్తుంది, దిగితే దిగుతుంది, వాలిస్తే వాలుతుంది. పాత మిషన్లలో బల్లకు బిగించిన కదలని రేకు ఉండేది. లోతు మార్చినప్పుడల్లా బ్లేడుకూ దానికీ మధ్య ఎడం పెరిగేది, గాడి తీయాలంటే మొత్తంగా ఊడదీయాల్సి వచ్చేది. ఊడదీసింది మళ్ళీ బిగించేవాళ్ళు తక్కువ. అమెరికాలో 2008 నుంచి కొత్త డిజైన్లకు రైవింగ్ నైఫ్ తప్పనిసరి అయింది. అందువల్ల అంతకుముందు తయారైన పాత అమెరికా మిషను చవగ్గా దొరికినా, అది ఉందో లేదో చూడందే ముట్టుకోవద్దు.

ఆ రేకు మందం కూడా లెక్కే. బ్లేడు ఒంటి కన్నా అది కొంచెం మందంగా, కోత వెడల్పు కన్నా కొంచెం సన్నగా ఉండాలి. ఉదాహరణకు బ్లేడు ఒళ్ళు 1.8 మిల్లీమీటర్లు, పళ్ళ వెడల్పు 2.6 ఉంటే రేకు 2.2 సరిపోతుంది. కొన్నాళ్ళకు బ్లేడు మొద్దుబారి, బజారులో చవకగా దొరికిన సన్నకోత బ్లేడు తెచ్చి వేస్తే, 2.2 రేకు ఆ కోతలో దూరక చెక్క సగంలో బిగుసుకుంటుంది. చాలామంది రేకును పారేసేది అప్పుడే. రేకు మీద అంకె చెక్కి ఉంటుంది, దానికి సరిపోయే బ్లేడే కొనండి. ఈ రేకు లేని మిషను ఎంత బరువైనా, ఎంత పేరున్నదైనా, సగం ధరకే వచ్చినా నేను కొనమని చెప్పను.

ఇంక మీరు కోసే చెక్క. మన వైపు మామిడి తోటలు ఎక్కువ కాబట్టి ముసలి మామిడి చెట్ల పలకలు సులువుగా దొరుకుతాయి. మామిడి మెత్తగా కోసుకుంటుంది, కానీ పచ్చిదాన్ని నిలవ పెడితే నల్లమచ్చ, పురుగు పడతాయి. బాగా ఆరబెట్టాలి. వేప నార ఒక పక్కకు కాదు, అటొకటి ఇటొకటి తిరిగి ఉంటుంది, కోత గరుకుగా వస్తుంది. చింత చేవ రాయితో సమానం, మాంసం కొట్టే మొద్దుకు చింతనే వాడేది ఊరికే కాదు. టేకు మెత్తగానే తెగుతుంది గానీ అందులో సన్నని ఇసుక లాంటి సిలికా ఉంటుంది, అది బ్లేడు పదును తొందరగా తింటుంది. పాత ఇండ్లు పగలగొట్టినప్పుడు వచ్చే దూలాలు, వాసాలు అద్భుతమైన చెక్క, కానీ లోపల విరిగిన మేకులుంటాయి. ఒక్క మేకు చాలు, నాలుగైదు పళ్ళ టిప్పులు ఎగిరిపోతాయి. స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి చెక్క మీదుగా పోనిస్తే మేకు ఉన్నచోట దారం వాలుతుంది. ఎర్రచందనం మాత్రం ఎవరు ఎంత చిన్న ముక్క ఇస్తామన్నా అనుమతి కాగితం లేకుండా షెడ్డులోకి రానివ్వద్దు, అది అటవీ చట్టం వ్యవహారం.

ఈ చెక్కల పట్టీ చూస్తే బ్లేడు ఎంత పెద్దది కావాలో తేలుతుంది. పది అంగుళాల బ్లేడు నిటారుగా ఉన్నప్పుడు దాదాపు 80 మిల్లీమీటర్ల లోతు కోస్తుంది. మూడు అంగుళాలంటే 76. అంటే ద్వారబంధానికి వాడే మూడంగుళాల మందం ఒక్క కోతలో తెగుతుంది, కొసరు కూడా మిగలదు. ఎనిమిదింబావు అంగుళాల చిన్న మిషన్లలో అది రెండు పక్కలనుంచి రెండు కోతలు అవుతుంది. ఇంటి పనికి పది అంగుళాలు చాలు. అంతకు మించిన మొద్దులు, ముఖ్యంగా పచ్చి చింత, టేబుల్ సా పని కాదు. వాటిని సామిల్లుకు తీసుకుపోయి బ్యాండ్ సా మీద పలకలు కొట్టించుకోండి. శ్రీకాళహస్తి పక్క మాధవమాలలో లాగా మీ పని ఎక్కువగా బొమ్మలు చెక్కడమైతే అసలు టేబుల్ సా అవసరమే రాకపోవచ్చు, చిన్న బ్యాండ్ సా, మంచి ఉలులు చాలు.

ప్లైవుడ్ సంగతి వేరు. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పున్న షీటును ఒక మనిషి చిన్న బల్ల మీద తోయలేడు. తోస్తే వంకర పోతుంది, వంకర పోతే మళ్ళీ వెనక పళ్ళ సంగతికే వస్తాం. నా పద్ధతి: షీటును నేల మీద రెండు దుంగల మీద పరిచి, చేతి సర్క్యులర్ సాకు పక్కన నిటారు పట్టీ బిగించి ముందు పెద్ద ముక్కలుగా కోసుకోవడం, ఆ తరవాతే బల్ల మీదికి తేవడం. అప్పుడు గైడు బ్లేడుకు 610 మిల్లీమీటర్ల దూరం దాకా జరిగితే చాలు, అంటే షీటు వెడల్పులో సగం. పది అంగుళాల మోసుకుపోయే మిషన్లు చాలావరకు అంత దూరం ఇస్తాయి. కొనేముందు ఆ అంకె మాత్రం చూసుకోండి.

ఇప్పుడు మోటారు, దానితో పాటే మన కరెంటు. మిషన్లు రెండు జాతులు. అల్యూమినియం బల్ల, మడతపెట్టే స్టాండు, కీచుమనే మోటారు – బాష్ జీటీఎస్ 10 జె, డీవాల్ట్, మకీటా మిషన్లు ఈ జాతివి. 1,500 నుంచి 2,000 వాట్లు, 25 కిలోల చుట్టూ బరువు. ఇందులో కార్బన్ బ్రష్‌లు ఉండే యూనివర్సల్ మోటారు, మిక్సీలో ఉండేదే. రెండో జాతి పోత ఇనుము లేదా మందపాటి ఉక్కు బల్ల, కింద ఇండక్షన్ మోటారు, బెల్టు. రాజ్‌కోట్, కోయంబత్తూరు వైపు తయారయ్యేవి, మన వెల్డింగు షాపుల్లో చేసి ఇచ్చేవి ఇవి. శబ్దం తక్కువ, రోజంతా నడుస్తాయి, బరువుకు కదలవు. కానీ స్థానికంగా చేసిన వాటిలో నూటికి తొంభై వంతులు రైవింగ్ నైఫ్ ఉండదు, మూత ఉండదు, బెల్టుకు కంచె ఉండదు అని నా అనుభవం. అవి చేసి ఇస్తానంటే తప్ప వద్దు.

పెట్టె మీద 1,800 వాట్లు అని ఉంటే అది మోటారు తినే కరెంటు. బ్లేడుకు అందేది అంతకన్నా బాగా తక్కువ. ఇండక్షన్ మోటారు మీద రెండు హెచ్‌పీ అని ఉంటే అది షాఫ్టు దగ్గర ఇచ్చే బలం. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

1,800 వాట్లంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 8 ఆంపియర్లు. ఇంట్లో మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు దీనికి పనికిరాదు, గీజరుకు పెట్టే 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి. అంతకన్నా ముఖ్యం తీగ. మా షెడ్డు మీటరుకు 40 మీటర్ల దూరం. పోను, రాను కలిపి 80 మీటర్ల రాగి తీగ. అది 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే దాని నిరోధం దాదాపు ఒక ఓము. మిషను 8 ఆంపియర్లు లాగుతుంటే 8 వోల్టులు తీగలోనే పోతాయి, అది పెద్ద నష్టం కాదు. కానీ రెండు హెచ్‌పీ ఇండక్షన్ మోటారు స్టార్టు అయ్యే క్షణంలో 50 ఆంపియర్ల దాకా లాగుతుంది, అప్పుడు 50 వోల్టులు పోతాయి. సాయంత్రం వీధి చివర ఇండ్లకు వోల్టేజి ముందే తక్కువగా ఉంటుంది. దాంట్లోంచి ఇంకో 50 పోతే మోటారు హుమ్మని మూలుగుతుంది గానీ తిరగదు, నిమిషంలో వైండింగు కాలే వాసన వస్తుంది. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే అదే నష్టం 20 వోల్టుల లోపు. మిషనుకు పెట్టే డబ్బులో కొంత తీగకు, ఎర్తింగుకు, షాకు కొడితే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీకి పక్కన పెట్టండి. వోల్టేజి తగ్గినప్పుడు యూనివర్సల్ మోటారు నెమ్మదిస్తుంది గానీ అంత తొందరగా కాలదు. అందుకే లైను చివర ఉండే ఇండ్లకు నేను మొదటి జాతినే చెప్తాను. తిరుపతి కేంద్రంగా ఉన్న మన దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర ఇంటి మీటరుకు ఎంత లోడు రాయించుకున్నారో కూడా చూసుకోండి. చేసిన సామాను అమ్మడం మొదలుపెడితే కనెక్షను కేటగిరీ మార్చుకోవాలి. సేద్యపు కరెంటును దీనికి వాడకూడదు.

కొందరి పిల్లలు అమెరికా నుంచి మిషను తెస్తామంటారు. అక్కడి మిషన్లు 120 వోల్టులవి, 60 హెర్ట్జ్ లెక్కన చేసినవి. బ్రష్‌ల మోటారైతే తగినంత పెద్ద ట్రాన్స్‌ఫార్మరు పెట్టి నడపొచ్చు. ఇండక్షన్ మోటారైతే మన 50 హెర్ట్జ్ మీద ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, వేడెక్కుతుంది. విడిభాగాలు కూడా ఇక్కడ దొరకవు. ఆ దేశంలో సాస్టాప్ అని ఒక మిషను ఉంది. స్టీవ్ గాస్ అనే ఆయన 1999లో కనిపెట్టింది, 2004 నుంచి అమ్మకంలో ఉంది. బ్లేడులో సన్నని విద్యుత్ సంకేతం పారుతుంటుంది. వేలు తగలగానే అది మారుతుంది, అల్యూమినియం దిమ్మె ఒకటి బ్లేడులోకి దూకి 5 మిల్లీ సెకన్లలోపు దాన్ని ఆపేస్తుంది. దిమ్మె, బ్లేడు రెండూ పోతాయి, వేలు గీతతో బయటపడుతుంది. టేబుల్ సా బ్లేడు తగిలి ఏటా 30 వేల మందికి పైగా గాయపడే దేశంలో దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. అది మనకు అందుబాటులోకి రావాలని మనసారా కోరుకుంటాను. వచ్చేదాకా మనకున్నది రేకు, మూత, తోపుడు కర్ర.

గైడు గురించి కూడా చెప్పాలి, కోత అందం అంతా అక్కడే ఉంది. ఇంగ్లీషులో ఫెన్సు అనేది. బిగించినప్పుడు దాని ముందు కొస, వెనక కొస రెండూ కలిసి కదలకుండా నిలవాలి. షాపులో దీన్ని ఇట్ల చూడండి. ప్లగ్గు తీసేయండి. బ్లేడును పూర్తిగా పైకెత్తి, ముందున్న ఒక పంటికి సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఒక పుల్లకు చిన్న స్క్రూ దిగ్గొట్టి, పుల్లను గైడుకు ఆనించి, స్క్రూ తల ఆ పంటికి కొంచెంగా రాసుకునేట్టు తిప్పండి. టిక్కుమని చిన్న శబ్దం వస్తుంది. ఇప్పుడు బ్లేడును చేత్తో తిప్పి అదే పంటిని వెనక్కి తెచ్చి, పుల్లను గైడు వెంట వెనక్కి జరిపి మళ్ళీ తాకించండి. అదే టిక్కు వస్తే గైడు, బ్లేడు సమానం. గట్టిగా తగిలితే వెనక పక్క ఇరుకు, చెక్క వెనక పళ్ళకు ఒత్తుకుంటుంది. అసలు తగలకపోతే వెనక వెడల్పు. కాస్త వెడల్పుంటే పరవాలేదు, ఇరుకు పనికిరాదు. అదే పంటిని రెండుచోట్లా వాడడం ఎందుకంటే, బ్లేడు కొంచెం సొట్టగా ఉన్నా ఆ తప్పు లెక్కలోకి రాకుండా ఉండేందుకు. గైడును మూడుసార్లు వదిలి, మూడుసార్లు బిగించి చూడండి. మూడుసార్లూ ఒకేలా రాకపోతే ఆ మిషను పక్కన పెట్టండి. డీవాల్ట్ మిషన్లలో గైడు రెండు కొసలా పళ్ళచక్రం మీద జరుగుతుంది కాబట్టి ఈ పరీక్షలో బాగా నిలబడుతుంది, చిన్న మిషన్లలో నాకు నచ్చిన గైడు అదే.

బ్లేడు మిషనుతో పాటు ఒకటిస్తారు. దానికి తోడు నిలువు కోతకు 24 పళ్ళది, ప్లైకి 60 పళ్ళది కొనుక్కోండి. మధ్య రంధ్రం 25.4 మిల్లీమీటర్లో 30 మిల్లీమీటర్లో చూసి, మిషను చుట్లకన్నా బ్లేడు మీద రాసిన గరిష్ఠ చుట్లు ఎక్కువ ఉన్నవే తీసుకోండి. పొట్టు సంగతి చిన్నచూపు చూడొద్దు. గట్టిచెక్క పొట్టును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. ఎండీఎఫ్ ధూళి దానికన్నా మెత్తన, ఊపిరితిత్తుల లోపలిదాకా పోతుంది. పొట్టు గొట్టానికి వాక్యూమ్ తగిలించుకోవచ్చో లేదో చూడండి, ముక్కుకు ఎన్95 మాస్కు కట్టుకోండి. చెవులకు కూడా ఏదో ఒకటి పెట్టుకోండి.

కార్బన్ బ్రష్‌లు, బెల్టు, స్విచ్చి – ఈ మూడూ చిత్తూరులోనో తిరుపతిలోనో వేలూరులోనో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి. ఏ కంపెనీ మిషను కొనాలో మీ ఊరికి సంబంధించినంతవరకు ఆ జవాబే తేలుస్తుంది.

నేను కొన్న రోజు షాపాయన మోటారు శబ్దం వినిపించాడు, ఒక చెక్క కోసి చూపించాడు. నాకు కావాల్సింది అది కాదు. మిషను ఆన్ చేయించి, చెక్క ఏదీ పెట్టకుండా అందర్నీ పక్కకు నిలబడమని, “అన్నా, బోర్డులో ఎంసీబీ కిందికి లాగు” అన్నాను. బ్లేడు నెమ్మదించి ఆగింది. పది లెక్కపెట్టి ఎంసీబీ పైకి లేపమన్నాను. షాపులో ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది. బ్లేడు కదల్లేదు. డబ్బు కట్టేశాను. ఇంటికి వచ్చి పాత కట్టర్‌ను బల్ల కిందినుంచి విప్పి, ట్రిగ్గరుకు చుట్టిన వైరు కోసేసి, అటక మీద వెతికి దాని మూత దానికి బిగించాను.